సింకు కింద మూడు జాయింట్లు: టెఫ్లాన్ ఎక్కడ, వాషర్ ఎక్కడ

గోడకు ఉండే పాత సింక్ కాక్ బిగించడం ప్లంబర్‌కు ఐదు నిమిషాల పని. మరకు టెఫ్లాన్ (పలచటి తెల్ల టేపు) చుట్టడం, తిప్పడం, మూతి నిటారుగా వచ్చిందా చూసుకోవడం, అంతే. ఇప్పుడు హైదరాబాద్ ఫ్లాట్లలో దాని స్థానంలో గ్రానైట్ గట్టుకు సుమారు 35 మి.మీ. రంధ్రం పెట్టి నిలబెట్టే, వేడి చల్ల నీళ్లను ఒకే పిడితో కలిపి ఇచ్చే సింగిల్ లీవర్ మిక్సర్ వస్తోంది. దాంతో పని సింకు కిందికి దిగింది. అక్కడ గోడలో రెండు యాంగిల్ కాక్‌లు, పైనుంచి వేలాడే రెండు స్టీలు అల్లిక పైపులు, అవి కలిసే చోట ఒక తగాదా. మిక్సర్ పెట్టెలోని కాగితం పైపు నట్‌కు టెఫ్లాన్ వద్దంటుంది. ‘చుట్టకపోతే కారుతుంది సార్’ అంటాడు ప్లంబర్. చుట్టిన ఇంట్లో కారుతుంది, చుట్టని ఇంట్లో కారదు. పక్క ఫ్లాట్‌లో సరిగ్గా తలకిందులు.

ఈ తగాదా తీరాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ జాయింట్‌లో నీటిని ఆపుతున్నది ఏది?

హాఫ్ ఇంచ్ అంటారు, కొలిస్తే 21 మిల్లీమీటర్లు

పేర్ల దగ్గర్నుంచే గందరగోళం మొదలవుతుంది. యాంగిల్ కాక్ అంటే గోడలోంచి వచ్చిన నీటిని తొంభై డిగ్రీలు తిప్పి పైకి పంపే చిన్న వాల్వు. దాన్ని మూస్తే ఇంటి మొత్తానికీ నీళ్లు ఆపకుండానే ఆ ఒక్క కుళాయిని విప్పుకోవచ్చు. పాత రకంలో మూడు నాలుగు చుట్లు తిప్పితే లోపలి రబ్బరు బిళ్ల దిగి నీటిని మూస్తుంది. ఇప్పుడొచ్చేవాటిలో పావు చుట్టుకే సిరామిక్ బిళ్లలు ఒకదానిమీద ఒకటి జరిగి మూసుకుంటాయి. మిక్సర్ నుంచి దిగే పైపును దుకాణంలో కనెక్షన్ పైపు అంటారు. మరను కొందరు థ్రెడ్ అంటారు, కొందరు చూడీ అంటారు.

ఇక సైజు. యాంగిల్ కాక్ మరను ‘హాఫ్ ఇంచ్’ అంటారు కదా అని స్కేలు పెట్టి కొలిస్తే అర అంగుళం ఎక్కడా దొరకదు. బయటి వ్యాసం 20.955 మి.మీ., అంటే దాదాపు 21. అంగుళానికి 14 మరలు. అర అంగుళం అన్నది పాత ఇనప పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పేరు. పైపులు మారాయి, పేరు ఉండిపోయింది. కొన్ని విదేశీ మిక్సర్ల పైపులకు చివర త్రీ బై ఎయిట్ నట్ ఉంటుంది. దాని మర 16.66 మి.మీ., అంగుళానికి 19 మరలు. అది మన యాంగిల్ కాక్‌కు ఎక్కదు. రెండింటి మధ్య ఇత్తడి రెడ్యూసర్ పెట్టాలి, లేదా రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారులో హాఫ్ ఇంచ్ నట్ ఉన్న పైపు తెచ్చి మార్చుకోవాలి. ఎక్కని నట్‌ను పానా పెట్టి ఎక్కించబోతే చెడేది యాంగిల్ కాక్ మర.

మిక్సర్ ఒంట్లోకి దూరే కొస మూడో సైజు: ఎం10. అంటే 10 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ మధ్య 1 మి.మీ. అందుకే అది సన్నగా ఉంటుంది. రెండు పైపుల మూతుల్లో ఒకటి పొట్టిది, ఒకటి పొడవుది కావడం కూడా పొరపాటు కాదు. రెండు రంధ్రాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ముందు పొట్టిది బిగిస్తే, దాని తలకు తగలకుండా పొడవుదాని తల ఇంకాస్త కిందికి వస్తుంది. వరస తప్పితే రెండోది తిప్పడానికి వేళ్లు ఆడవు.

మరలోనే ఆగే నీరు, మొహం దగ్గర ఆగే నీరు

ఒక్కో పైపు దారిలో మూడు జాయింట్లుంటాయి. గోడలోని ఎల్బోకూ (పైపును మలుపు తిప్పే ముక్క) యాంగిల్ కాక్‌కూ మధ్య మొదటిది. యాంగిల్ కాక్ మూతికీ పైపు నట్‌కూ మధ్య రెండోది. పైపు సన్న మూతికీ మిక్సర్‌కూ మధ్య మూడోది. చూడ్డానికి మూడూ మరలే, తిప్పితే బిగుసుకునేవే. కానీ నీటిని ఆపే పద్ధతి మొదటిదానిది ఒకటి, మిగతా రెండింటిది ఇంకొకటి.

మొదటిదానిలో నీటిని ఆపాల్సింది మరే. లోహం లోహంలో ఎంత బిగిసినా మరల మధ్య సన్నటి మెలిక సందు మిగులుతుంది, నీరు ఆ మెట్లెక్కి బయటికొస్తుంది. ఆ సందును ఏదో ఒకటి పూడ్చాలి. అందుకే టెఫ్లాన్. అంతకుముందు తరం ప్లంబర్లు దారం చుట్టి సఫేదా అనే తెల్లటి లేపనం పూసేవారు.

రెండోదానిలో మర పని వేరు. నట్ లోపలికి చూడండి, అడుగున నల్లటి రబ్బరు వాషర్ చదునుగా కూర్చుని ఉంటుంది. యాంగిల్ కాక్ మూతి అంచు వచ్చి ఆ వాషర్‌కు ఒత్తుకుంటుంది. నీరు అక్కడే ఆగిపోతుంది, మర దాకా రాదు. మర చేసేదల్లా వాషర్‌ను అంచుకు నొక్కి పట్టుకోవడం. సీసా మూత లోపలి బిళ్ల చేసే పనే ఇది. మూడోదానిలో కూడా అంతే, చదును వాషర్‌కు బదులు గుండ్రటి ఓ రింగ్ ఉంటుంది.

ఈ తేడాను భారతీయ ప్రమాణాలు కూడా విడివిడిగా గుర్తించాయి. మరలోనే నీరు ఆగాల్సిన జాయింట్ల మరలకు ఐఎస్ 554. మర బిగింపుకు మాత్రమే ఉన్న చోట ఐఎస్ 2643. మొదటి రకంలో బయటి మర కొసకు పోనుపోను సన్నబడుతుంది, 16 మి.మీ. పొడవుకు 1 మి.మీ. వ్యాసం చొప్పున. తిప్పేకొద్దీ బిరడాలా ఇరుక్కుంటుంది. రెండో రకం మొదలు నుంచి చివర దాకా ఒకే లావు. బజారులో దొరికే యాంగిల్ కాక్‌లకు గోడవైపు మర కూడా చాలావరకు ఒకే లావుగానే ఉంటుంది కాబట్టి, బిరడా పని మొత్తం టెఫ్లానే చేయాల్సి వస్తుంది. మన దగ్గర దొరికే సన్న టేపుకు రెండు మూడు చుట్లు చాలకపోవడానికి కారణం ఇదే. పది పన్నెండు చుట్లు, మర కొసను మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కుగా చుట్టాలి. ఎదురు దిక్కుగా చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి బయటికి ముద్దగా వచ్చేస్తుంది.

గోడ జాయింట్‌కు ఇంకో చిక్కుంది. యాంగిల్ కాక్ బిగిసే సరికి దాని మూతి పైకి చూడాలి. కొంచెం దాటిపోయింది కదా అని వెనక్కి తిప్పితే టెఫ్లాన్ పట్టు వదులుతుంది. ఆ పూట కారకపోయినా వారంలో చెమ్మ కనిపిస్తుంది. దాటిపోతే పూర్తిగా విప్పి, పాత టేపు గీకేసి, చుట్లు పెంచి మళ్లీ మొదలుపెట్టడం తప్ప అడ్డదారి లేదు. టైల్స్ వేశాక గోడ మర లోతుకు పోయి ఉంటే మధ్యలో ఎక్స్‌టెన్షన్ నిపుల్ అనే పొడిగింపు ముక్క వస్తుంది. దాంతో గోడవైపు జాయింట్లు రెండవుతాయి, రెండూ టెఫ్లాన్ అడిగేవే. అందులో లోపలిది గోడకు ఆనే గుండ్రటి లోహపు బిళ్ల (ఫ్లాంజ్) వెనక దాక్కుంటుంది, కారినా తెలియదు.

ప్లంబర్ మాటలో నిజం ఎంత

పైపు నట్‌కు టెఫ్లాన్ చుట్టే ప్లంబర్‌ది ఉత్త అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అతనికి రోజూ కనిపించేవి అంచు చొట్టపడ్డ యాంగిల్ కాక్‌లు, గట్టిపడిన వాషర్లు, అసలు వాషరే లేని నట్‌లు. అలాంటి చోట వాషర్ దాటి వచ్చిన నీటిని మర దగ్గర టేపు కొంతకాలం ఆపుతుంది. పిలుపు మళ్లీ రాకుండా ఉండటమే అతనికి కావలసింది.

కానీ వాషర్ బాగున్న చోట అదే టేపు ఎదురు తిరుగుతుంది. టేపుతో మర లావెక్కుతుంది. నట్ తిరుగుతుంటే చేతికి బిగువు తగులుతుంది, ‘పట్టింది’ అనిపిస్తుంది. నిజానికి ఆ బిగువు మరది. వాషర్ ఇంకా అంచును సరిగ్గా తాకలేదు. అక్కడ ఆపితే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తే పలచటి నట్ పక్కన చీలుతుంది. పైగా తెగిన టేపు ముక్క ఒకటి అంచుకూ వాషర్‌కూ మధ్య ఇరుక్కుంటే అదే నీటికి దారి. లోపలికి జారిందా, మిక్సర్ లోపల నీటిని తెరిచి మూసే సిరామిక్ కార్ట్రిడ్జ్ దాకా వెళ్లి కూర్చుంటుంది.

కాబట్టి తూకం ఇలా ఉంది: అంచు చెడిన యాంగిల్ కాక్ మీద టేపు ఒక తాత్కాలిక కట్టు. మంచి అంచు, కొత్త వాషర్ ఉన్న చోట అది అనవసరం, తరచూ చేటు. చేత్తో తడిమితే తేడా దొరుకుతుంది. యాంగిల్ కాక్ మూతి అంచు మీద గోరు జరిపితే చొట్టలు, గీతలు తగులుతాయి. మిక్సర్‌లోకి వెళ్లే ఎం10 కొసకు మాత్రం టెఫ్లాన్‌కు ఏ సాకూ లేదు.

దారం, సఫేదా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జీఐ (జింకు పూత పూసిన ఇనప) పైపుల కాలంలో అవి బాగా పనిచేశాయి. ఇప్పుడు గోడల్లో ఉన్నది సీపీవీసీ అనే ప్లాస్టిక్. కొన్ని నూనె కలిసిన లేపనాలు సీపీవీసీని పెళుసుబారుస్తాయి, పగుళ్లు నెలల తర్వాత బయటపడతాయి. గోడలోని ఎల్బోకు ఇత్తడి మర పొదిగి ఉంటే సరే, లోపలి మర కూడా ప్లాస్టిక్కే అయితే మరీ మందంగా చుట్టిన టెఫ్లానే దాన్ని చీల్చగలదు.

ఎంత బిగించాలి? లెక్క వేసి చూద్దాం

మేడ మీద ట్యాంకు ఉన్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ తీసుకుందాం. అంతస్తుకు 3 మీటర్లు. ఐదో అంతస్తు కుళాయికి ట్యాంకు నీటిమట్టం 5 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, మొదటి అంతస్తు కుళాయికి ఇంకో 12 మీటర్లు కలిపి 17 మీటర్లు. ప్రతి 10 మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ ఒత్తిడి. అంటే పైన అర కేజీ, కింద 1.7 కేజీలు.

హాఫ్ ఇంచ్ వాషర్ వ్యాసం సుమారు 18 మి.మీ., వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. మొదటి అంతస్తులో ఆ నట్‌ను నీరు వెనక్కి తోసే బలం 1.7ను 2.5తో గుణిస్తే నాలుగు కేజీల పైచిలుకు. బియ్యం సంచిలో నాలుగు కేజీలు ఎంతో ఇదీ అంతే. ఇరవై అంతస్తుల టవర్‌లో అడుగున, ప్రెషర్ తగ్గించే వాల్వు లేకపోతే, 60 మీటర్లకు ఆరు కేజీలు. అక్కడ తోపుడు 15 కేజీలవుతుంది. ఏ లెక్కన చూసినా దీన్ని ఆపడానికి చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో పావు నుంచి అర చుట్టు తిప్పితే సరిపోతుంది. వాషర్ కొంచెం నలగాలి, తెగకూడదు. అతిగా నొక్కిన రబ్బరు పక్కలకు పొంగి ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడు విప్పి బిగించినా అది కూర్చోదు.

కుళాయిని ఠక్కున మూసినప్పుడు వచ్చే కుదుపు మాత్రం ఈ లెక్కకు అందదు. పరుగెడుతున్న నీరు ఒక్కసారి ఆగితే ఒత్తిడి రెప్పపాటు కాలం పాటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇనప పైపులో సెకనుకు మీటరు వేగంతో పోయే నీరు తక్షణం ఆగితే ఆ పెరుగుదల పది కేజీలు దాటుతుంది. సీపీవీసీ కొంత సాగుతుంది కాబట్టి అందులో తక్కువ. కింది అంతస్తుల వాళ్లు యాంగిల్ కాక్‌ను కొంచెం మూసి ఉంచడం అందుకే. దానివల్ల ప్రవాహం నెమ్మదిస్తుంది, కుదుపు తగ్గుతుంది. కానీ కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపు మీద ఒత్తిడి అంతే ఉంటుంది, నీరు కదలనప్పుడు సగం మూసిన వాల్వుకూ పూర్తిగా తెరిచినదానికీ తేడా లేదు. ‘సగం మూశాం కాబట్టి పైపు పగలదు’ అనుకోవడం పొరపాటు.

బిగించేటప్పుడు పానాలు రెండు ఎందుకంటే, ఒకటి నట్‌ను తిప్పుతుంటే రెండోది యాంగిల్ కాక్ కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే ఆ తిప్పుడు గోడలోని టెఫ్లాన్ జాయింట్‌కు చేరుతుంది. పైపు కూడా నట్‌తో పాటు తిరగకుండా చేత్తో పట్టుకోవాలి. మెలిపడిన పైపు స్ప్రింగులా వెనక్కి తిరగాలని చూస్తూ నట్‌ను మెల్లగా వదులు చేస్తుంది.

పైపు పొడవు, అల్లిక, అయస్కాంతం

ఈ పైపులో నీరు పారేది లోపలి గొట్టంలో. మంచి రకాల్లో అది ఈపీడీఎం రబ్బరు, చవకవాటిలో పీవీసీ. గీజర్ నీటికి పీవీసీ మెత్తబడుతుంది. పైన కనిపించే స్టీలు అల్లిక నీటిని ఆపదు, రబ్బరు ఉబ్బకుండా పట్టుకుంటుంది. సైకిల్ ట్యూబుకు టైరు ఎలాగో రబ్బరుకు అల్లిక అలాగ. ఒక్క తీగ తెగి వెంట్రుకలా పొడుచుకొచ్చిందంటే టైరు చిరిగినట్టే, ఆ పైపు మార్చాలి.

అల్లికను ఎక్కువగా చంపేది ఒత్తిడి కాదు, సింకు కింద దాచే సీసాలు. బాత్రూమ్ యాసిడ్ ఆవిరి, బ్లీచింగ్ పౌడరు, రెండింటిలోనూ స్టెయిన్‌లెస్ స్టీలును తినే క్లోరిన్ సంబంధ పదార్థాలుంటాయి. తలుపు మూసిన అర అది. ఆవిరి ఎక్కడికీ పోదు. తీగలు ముందు గోధుమ రంగు చుక్కలు పడి, ఆనక నట్ దగ్గరున్న మడతలో ఒక్కొక్కటిగా విరుగుతాయి.

అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు అన్న పరీక్ష మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. 304 రకం స్టీలు సహజంగా అయస్కాంతానికి అంటదు గానీ, దాన్ని సన్న తీగగా లాగినప్పుడు కొంత అంటే గుణం వస్తుంది. గట్టిగా అతుక్కుంటే అనుమానించొచ్చు, కొంచెం లాగితే తేల్చి చెప్పలేం.

పొడవు విషయంలో 18, 24, 36 అంగుళాల పైపులు దొరుకుతాయి. 18 సరిగ్గా సరిపోతే 24 కొనడం మేలు. తీగలా బిగుసుకున్న పైపు నట్‌ను ఒక పక్కకు లాగుతుంది, వాషర్ వంకరగా నలుగుతుంది. మరీ పొడవైతే చెత్తడబ్బా వెనక మడతపడుతుంది. నట్ దగ్గర్నుంచి రెండు అంగుళాలు నిటారుగా వచ్చి ఆ తర్వాత వంపు తిరిగితే సరి.

గోడలోని రెండు లైన్లు వేడి, చల్ల కాకపోతే

మిక్సర్‌కు ఎడమది వేడి, కుడిది చల్ల. మొదట్నుంచీ గీజర్ లైను వేసిన ఫ్లాట్‌లో ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో మామూలుగా ఎదురయ్యేవి ఇంకో రెండు రకాల వంటగదులు.

ఒకదానిలో గోడలో ఒక్కటే లైను. మిక్సర్‌కు రెండు పైపులు, వేడి పైపు ఊరికే వేలాడుతుంది. దాన్ని అలా వదిలేయకూడదు. లీవరు మధ్యలో పెట్టి తెరవగానే లోపల రెండు దారులూ కలుస్తాయి, చల్ల నీరు వేడి పైపులోకి దిగి అరలో పోస్తుంది. దాని నట్‌కు హాఫ్ ఇంచ్ మేల్ ప్లగ్ బిగిస్తే ఆగుతుంది. అప్పుడు లీవరు పూర్తిగా చల్లవైపు ఉంటేనే పూర్తి ధార, మధ్యలో తగ్గుతుంది. రెండు మూతుల యాంగిల్ కాక్ పెట్టి రెండు పైపులకూ అదే నీరివ్వడం ఇంకో పద్ధతి. లీవరు ఎటున్నా ధార బాగుంటుంది, కానీ రేపు గీజర్ పెట్టినప్పుడు మళ్లీ విప్పాలి. పైఅంతస్తులో ఒత్తిడి తక్కువైన చోట రెండోదే నయం.

రెండో రకం వంటగదిలో చిక్కు పెద్దది. గోడలో రెండు లైన్లుంటాయి: ఒకటి మంజీరా, ఇంకొకటి బోరు. నగరానికి నీరిచ్చే జలమండలి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా ఇస్తున్నా నగరంలో చాలామందికి నల్లా నీళ్లంటే మంజీరానే. ఈ రెండు లైన్లనూ ఒకే మిక్సర్‌కు ఇచ్చి, లీవరు ఎడమకు తిప్పితే తాగే నీరు, కుడికి తిప్పితే గిన్నెలు కడిగే నీరు వస్తుందని మురిసిపోయే ఇళ్లున్నాయి. ఆలోచన తెలివైనదే. కానీ లీవరు మధ్యకు వస్తే రెండు లైన్లూ ఒకటవుతాయి. నల్లా లైను ఖాళీగా ఉన్న పూట, కుళాయి మూతిలోని జల్లెడకు (ఎయిరేటర్) సున్నపు పొర పట్టి ధార అడ్డుకున్నప్పుడు, ట్యాంకు ఒత్తిడితో ఉన్న బోరు నీరు తాగే నీటి పైపులోకి ఎదురెక్కుతుంది. తాగే నీటి లైనును వేరే నీటి లైనుతో ఇలా కలపకూడదన్నది నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్లంబింగ్ భాగంలో ఉన్న నియమం. నాన్ రిటర్న్ వాల్వు పెడితే సరిపోతుందనే వాళ్లున్నారు. అది ముప్పు తగ్గిస్తుంది, కానీ బోరు నీటి సున్నం పేరుకుంటే ఆ వాల్వే సరిగ్గా మూసుకోదు, మూసుకోవడం లేదని బయటికి తెలియదు. తాగే నీటికి విడిగా చిన్న కుళాయి ఉంచడమే నాకు సబబనిపిస్తుంది.

ఆర్ఓ ఫిల్టరుకు నీరు తీసే టీ వాల్వు యాంగిల్ కాక్‌కూ పైపుకూ మధ్యలో దూరుతుంది. దానివల్ల వాషర్ జాయింట్లు ఒకటికి రెండవుతాయి. ఫిల్టరు వాళ్లు టీ పెట్టేటప్పుడు పైపు వాషర్ అరలో రాలిపోతే, దాని బదులు టెఫ్లాన్ చుట్టేసి వెళ్లడం మామూలు. ఆ టీ దగ్గర కారుతుంటే ముందు నట్‌లో వాషర్ ఉందో లేదో చూడాలి.

బొట్టు పడే చోటు, బొట్టు పుట్టే చోటు

సెకనుకో బొట్టు పడితే, 20 బొట్లకు ఒక మిల్లీలీటరు లెక్కన, రోజుకు 4.3 లీటర్లు, నెలకు 130. ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా వస్తున్న నగరంలో ఇది నీటి లెక్కలో తేలదు. నష్టం సింకు కింది అల్మరా అడుగుభాగంలోని ప్లైవుడ్‌కు, అది ఉబ్బి తలుపు పట్టకుండా పోతుంది. పైపు పగిలితే కథ వేరు. నిమిషానికి 12 లీటర్లు పోతుందనుకుంటే ఒక 5,000 లీటర్ల ట్యాంకర్ ఏడు గంటల్లో ఖాళీ. ఊరెళ్లేటప్పుడు యాంగిల్ కాక్‌లు మూయమనేది దీనికే. బోరు నీళ్లిచ్చే ఇళ్లలో ఏడాదికోసారి కూడా తిప్పని కాక్ సున్నం పట్టి బిగుసుకుపోయి, అవసరమైన రోజున కదలదు. రెండు మూడు నెలలకోసారి మూసి తెరిచేది అందుకు.

చిన్న లీకులో కళ్లు మోసం చేస్తాయి. మిక్సర్ కింద ఎం10 దగ్గర పుట్టిన చుక్క స్టీలు అల్లిక వెంట జారి, పైపు వంపులో అన్నిటికంటే కిందున్న చోటికి వచ్చి అక్కడ రాలుతుంది. చూసేవాళ్లు పైపుకే చిల్లు పడిందనుకుని పైపు మారుస్తారు. కొత్త పైపు కూడా అక్కడే కారుతుంది. సింకు అంచు సిలికాన్ ఊడి గట్టు మీది నీరు కిందికి దిగినా ఇదే దారి పడుతుంది. అంతా పొడిగుడ్డతో తుడిచి, కుళాయి కట్టేసి, టిష్యూ కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్కో జాయింట్‌కూ ఆనించుకుంటూ వస్తే మొదట తడిసే చోటే అసలు చోటు. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు కాగితం పొడిగా ఉండి, విప్పి గిన్నెలు కడిగాక మాత్రమే తడిస్తే పైపుల తప్పు లేదు. సింకు అంచునో, కింది వేస్ట్ పైపునో చూడాలి. టిష్యూ లేకపోయినా పాత లీకు తన గుర్తు వదులుతుంది: నట్ కింది అంచున తెల్లగా సున్నపు పొర, దాని పక్కనే ఇత్తడి మీద ఆకుపచ్చ మచ్చ.